గేదెనివ్వడం తేలిక, గడ్డినివ్వడమే కష్టం

పల్లెల్లో పాడి పెంచాలని ఏ ప్రభుత్వం అనుకున్నా ముందుగా తట్టే ఆలోచన పశువుల పంపిణీ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని పశుక్రాంతి నుంచి 2017 జూన్‌లో తెలంగాణ మొదలుపెట్టిన గొర్రెల పంపిణీ దాకా పథకాల పేర్లు మారాయి, ఆలోచన మాత్రం మారలేదు. పేద కుటుంబం చేతికి సబ్సిడీ మీద ఒక గేదెనో, 20 గొర్రెలూ ఒక పొట్టేలునో అప్పగిస్తే బతుకుదెరువు దానంతటదే నిలబడుతుందన్న నమ్మకం. రెండు మూడేళ్లు పోయాక అదే ఇంటికి వెళ్లి చూస్తే చాలాచోట్ల కొట్టం ఖాళీగా ఉంటుంది. గేదె వట్టిపోయింది, మేపలేక అమ్మేశారు. లేదా రోగమొచ్చి పోయింది, బీమా రాలేదు. అప్పు మాత్రం మిగిలింది.

దీన్ని రైతు సోమరితనం అనో, పథకంలో అవినీతి అనో తేల్చేయడం సులువు. అవినీతి లేకపోలేదు, గొర్రెల పంపిణీ లెక్కల్లో అక్రమాలపై 2024లో ఏసీబీ కేసులు పెట్టి అధికారులను అరెస్టు చేసింది కూడా. కానీ ప్రతి రూపాయీ సక్రమంగా ఖర్చయిన చోట సైతం కొట్టాలు ఖాళీ అయ్యాయి. పశువు వచ్చింది గానీ దాని వెనకే రావాల్సినవి రాలేదు. ఏడాది పొడవునా మేత, ఎదకొచ్చిన రాత్రి అందుబాటులో ఉండే మనిషి, రోగం రాకముందే పడాల్సిన టీకా, పాలకేంద్రంలో నిజం చెప్పే కొలత. ఒకటి రెండు గేదెలు, పాతికో యాభయ్యో గొర్రెలు ఉన్న చిన్న రైతు కష్టాలన్నీ ఈ నాలుగింటి దగ్గరే తేలతాయి. వాటిని నిలబెట్టకుండా ఇంకో పశువునివ్వడమంటే మేపాల్సిన నోరు ఇంకొకటి పెంచడమే.

పాలివ్వని రోజుల ఖర్చు

గేదెను కొనేటప్పుడు అందరూ అడిగే ప్రశ్న ఒకటే: పూటకు ఎన్ని లీటర్లు? అడగాల్సిన ప్రశ్న అది ఒక్కటే కాదు. ఈతకూ ఈతకూ మధ్య ఎన్ని నెలలు పట్టిందన్నది అంతకన్నా ముఖ్యం. ఆ సంగతి సంతలో ఎవరూ చెప్పరు, అడిగేవాళ్లూ తక్కువే.

లెక్క వేసి చూద్దాం. గ్రేడెడ్ ముర్రా గేదె ఒక ఈతలో 1,600 లీటర్లు ఇచ్చిందనుకుందాం. 14 నెలలకోసారి ఈనితే, ఎండిన రోజులనూ కలుపుకుని సగటున రోజుకు 3.75 లీటర్లు పడతాయి. అదే గేదె 20 నెలలకు ఈనితే సగటు 2.6 లీటర్లకు దిగుతుంది. గేదె మారలేదు, దాణా మారలేదు, పిండే చెయ్యి మారలేదు. ఆదాయం మాత్రం దాదాపు మూడో వంతు తగ్గిపోయింది. చూడి కట్టని గేదెను ఇంకొన్నాళ్లు ఎక్కువగా పిండుకున్నా ఆ చివరి నెలల్లో వచ్చేది పూటకు లీటరో, లీటరున్నరో. ఈ నష్టం ఏ బిల్లులోనూ కనిపించదు. అందుకే దీన్ని నష్టంగా లెక్కేసే అలవాటు కూడా లేదు.

ఎద ఎందుకు తప్పిపోతుంది? ఆవు ఎదకొస్తే అరుస్తుంది, మిగతా వాటి మీదికి ఎక్కుతుంది. గేదెలో ఆ లక్షణాలు చాలా మందంగా ఉంటాయి. దాన్నే మూగ ఎద అంటారు. అదీ ఎక్కువగా రాత్రిపూట, తెల్లవారుజామున. వేసవిలో ఇంకా మందగిస్తుంది. ఉన్న ఒకటి రెండు గేదెలు కొట్టంలో కట్టేసి ఉంటే ఒకదాని మీదికి ఒకటి ఎక్కే సందర్భమే లేదు. ఇక మిగిలిన గుర్తులు మానం నుంచి తీగలు, మాటిమాటికీ మూత్రం పోయడం, మేత తగ్గడం, ఆ పూట పాలు సరిగా చేపకపోవడం. తెల్లవారి పేడ ఎత్తేటప్పుడు గేదె వెనక నేల మీద జిగట కనిపిస్తుంది. చీపురు పడిందంటే అదీ పోతుంది. ఆ ఒక్క గుర్తు తప్పితే మళ్లీ 21 రోజులు ఆగాలి. రెండుసార్లు తప్పితే నెలన్నర మేత వృథా.

పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున సెమన్ వేయించాలన్నది పాడి రైతులు చాలామందికి తెలిసిన నియమమే. అయితే ఆ సమయానికి గోపాలమిత్ర (ఊళ్లలో సెమన్ వేసే కార్యకర్త) దొరకాలి, అతని దగ్గరున్న కంటైనర్‌లో ద్రవ నత్రజని ఉండాలి, స్ట్రా (గడ్డకట్టించిన వీర్యం ఉండే సన్న గొట్టం) కరిగించడం సరిగా జరగాలి. ఈ మూడింటిలో ఏది తేడా వచ్చినా కట్టదు. కట్టక మళ్లీ మళ్లీ ఎదకొచ్చే గేదెను రైతు 'ఇది గొడ్డుది' అని తీర్మానించి అమ్మేస్తాడు. నిజానికి వాటిలో చాలా వాటికి ఉన్న లోపం ఖనిజాల కొరత. ఎండుగడ్డి ఒక్కదాని మీదే బతికే పశువులో భాస్వరం, రాగి, జింకు తగ్గిపోయి ఎద ఆగిపోతుంది, వచ్చినా చూడి నిలవదు. రోజుకు 50 గ్రాముల మినరల్ మిక్చర్, ఆరు నెలలకోసారి నట్టల మందు, ఈ రెండూ ఖరీదైన హార్మోన్ ఇంజక్షన్ల కన్నా ముందు చేయాల్సిన పనులు.

ఇక్కడ రైతు ఇంట్లో పెట్టుకోదగ్గ పరికరం గోడమీది క్యాలెండర్. ఈనిన తేదీ, ఎదకొచ్చిన తేదీ, సెమన్ వేయించిన తేదీ రాసి పెట్టుకుంటే చాలు. ఈనిన 60 నుంచి 90 రోజుల్లో మళ్లీ కట్టించాలి. వేయించిన 21వ రోజున కళ్లు పెట్టి చూడాలి. మూడో నెలకు చూడి పరీక్ష చేయించాలి. చాలామంది గేదె మళ్లీ ఎదకు రాలేదు కాబట్టి కట్టిందనుకుని ఐదారు నెలలు మేపి, తర్వాత చూపించుకుంటే ఒట్టి కడుపని తెలుస్తుంది. పెయ్యదూడలే పుట్టే లింగ నిర్ధారిత వీర్యం ఇప్పుడు సబ్సిడీ మీద దొరుకుతోంది, నూటికి దాదాపు 90 ఆడదూడలే. మంచిదే. కానీ ఎద గుర్తించలేని చోట ఆ ఖరీదైన స్ట్రా కూడా మామూలు స్ట్రా దారిలోనే పోతుంది.

పుట్టిన దూడ సంగతి ఇంతకన్నా చిన్నచూపుకు గురవుతోంది. ముర్రుపాలు మొదటి గంట రెండు గంటల్లోనే దూడ కడుపులో పడాలి, దాని బరువులో పదో వంతు. మాయ పడేదాకా తాగనివ్వకూడదన్న నమ్మకం ఇప్పటికీ ఎన్నో ఊళ్లలో ఉంది. అది ఎంత త్వరగా పోతే అంత మేలు. దూడ చనిపోతే గేదె చేపదు. చేపకపోతే ఆక్సిటోసిన్ ఇంజక్షన్. రోజూ సూదికి అలవాటుపడిన గేదె ఇక సూది లేకుండా పాలు వదలదు. ఈ గొలుసంతా మొదటి రోజు పట్టని ముర్రుపాల దగ్గర మొదలైంది.

మేత ఎక్కడికి పోయింది

దేశంలో సాగయ్యే భూమిలో పశుగ్రాసానికి దక్కేది దాదాపు 4 శాతమే. మిగతా మేతంతా పంటల అవశేషాల నుంచీ, ఊరుమ్మడి నేలల నుంచీ రావాలి. తెలుగు రాష్ట్రాల్లో ఈ రెండూ ఒకేసారి కుంచించుకుపోయాయి. పశుపోషణ గురించి జరిగే చర్చల్లో ఈ మాట చాలా తక్కువగా వినిపిస్తుంది.

తెలంగాణ మెట్ట పొలాల్లో జొన్న ఉన్నప్పుడు గింజ మనిషికి, చొప్ప గొడ్డుకు. జొన్న పోయి పత్తి వచ్చింది. పత్తి చేలో పంట చేతికొచ్చాక పశువుకు మిగిలేది ఏమీ లేదు. పైగా పురుగుమందు కొట్టిన చేలో మేపితే ప్రాణానికే ముప్పు. అనంతపురంలో వేరుశనగ కట్టె ఒకనాడు వేసవి గట్టెక్కించే మేత. వానలు మొహం చాటేసి పంట ఎండినా కట్టె దక్కేది. వేరుశనగ తగ్గి తోటలు పెరిగిన కొద్దీ ఆ ఆసరా పోయింది. డెల్టాలో వరి ఉంది గానీ కోత యంత్రం వచ్చింది. చేతి కోతలో కట్టలు కట్టి కుప్ప నూర్చి వాము వేసేవారు. యంత్రం గడ్డిని చేలో చిందరవందరగా పారేసి పోతుంది. బేలర్‌తో కట్టలు కట్టించుకోవాలంటే కట్టకింత అని డబ్బు, రెండో పంటకు చేను ఖాళీ చేయాలన్న తొందర. అందుకే తగలబెట్టడం. ఒక ఊళ్లో గడ్డి కాలిపోతుంటే పాతిక మైళ్ల అవతల ఇంకో ఊళ్లో గడ్డి దొరక్క గేదెల్ని అమ్ముతున్నారు.

ఇక ఉమ్మడి నేలలు. బంచరాయి, గైరాన్, పోరంబోకు అని రికార్డుల్లో పేర్లున్నాయి. నేల మీద అవి ఆక్రమణలకో, కాలనీలకో, సోలార్ ప్లాంట్లకో, మొక్కల పెంపకానికో పోయాయి. 2012, 2019 పశుగణనల మధ్య తెలంగాణలో గొర్రెలు 1.28 కోట్ల నుంచి 1.91 కోట్లకు పెరిగి, రాష్ట్రం దేశంలోనే మొదటి స్థానానికి చేరింది. 1.76 కోట్లతో ఆంధ్రప్రదేశ్ రెండోది. గొర్రె తలలు ఏడేళ్లలో సగానికి సగం పెరిగిన చోట మేసే నేల ఒక్క ఎకరమైనా పెరగలేదు. గొర్రెనిచ్చిన పథకం గొర్రె ఎక్కడ మేయాలో చెప్పలేదు.

పరిష్కారాలు లేక కాదు. అవి చేతికి అందేంత దగ్గరలోనే ఉన్నాయి గనకే ఈ పరిస్థితి బాధ కలిగిస్తుంది. వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతానికి మించవు. దాన్ని యూరియాతో మాగబెడితే ఏడెనిమిది శాతానికి పెరుగుతాయి. 100 కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీళ్లు. నేల మీద టార్పాలిన్ పరిచి గడ్డిని పొరలు పొరలుగా వేస్తూ ప్రతి పొర మీదా యూరియా నీళ్లు సమంగా చల్లి, కాళ్లతో గట్టిగా తొక్కి, గాలి చొరకుండా కప్పి 21 రోజులు కదిలించకూడదు. తీశాక గడ్డి పసుపు కలిసిన గోధుమ రంగులోకి తిరిగి మెత్తబడి ఉంటుంది, ఘాటు వాసన ముక్కు అదరగొడుతుంది. కాసేపు ఆరబెట్టి ఆ ఘాటు పోయాక మేపాలి. మొదటి రోజు గేదె మొహం తిప్పుకుంటుంది; మామూలు గడ్డిలో కొంచెం కొంచెంగా కలిపితే నాలుగైదు రోజుల్లో అలవాటు పడుతుంది. ఆరు నెలల లోపు దూడలకు మాత్రం పెట్టకూడదు. యూరియా మోతాదు పెంచితే విషమవుతుంది కాబట్టి కంటి అంచనాతో కాక తూకం వేసే కలపాలి. పశువైద్య విశ్వవిద్యాలయాలు ఎన్నో ఏళ్లుగా చెబుతున్న పద్ధతి ఇది. ఊళ్లలో పట్టుకోకపోవడానికి పెద్ద కారణం దానికి పట్టే ఒళ్లు కష్టం. ఒక ఇల్లు ఒంటరిగా చేయలేని పనిని స్వయం సహాయక సంఘం నలుగురి గడ్డీ ఒకచోట వేసి చేస్తే ఒక్క పూటలో అవుతుంది.

నీటి వసతి ఉంటే పది పదిహేను సెంట్ల హైబ్రిడ్ నేపియర్ ఒక గేదెకు ఏడాది పచ్చిమేతలో చాలా భాగం తీరుస్తుంది. దానికి తోడు గట్ల మీద అవిశ, సుబాబుల్, మడిలో కొంచెం లూసర్న్ గానీ అలసంద గానీ ఉంటే దాణా ఖర్చు కొంత దిగుతుంది. మొక్కజొన్నను కంకి పాలు పోసుకుని గట్టిపడుతున్న దశలో కోసి, ముక్కలు చేసి, గాలి లేకుండా తొక్కి మూసిపెడితే నెలన్నరకు పాతర గడ్డి (సైలేజీ) సిద్ధం. మంచి సైలేజీ ఉన్న ఇంటికి మే నెల భయం ఉండదు. కోసిన జొన్న మోడు నుంచి వానకు లేచే లేత పిలకల విషయంలో మాత్రం జాగ్రత్త. ఆ పిలకల్లో ఉండే నాము అనే విషం తిన్న పశువు గంటల్లో కూలిపోతుంది, విరుగుడుగా వేసే హైపో ఇంజక్షన్ పడేలోపే ప్రాణం పోయిన సందర్భాలు ప్రతి ఏటా వింటాం. జొన్న పూత దశకు రాకముందు, ముఖ్యంగా బెట్ట మీదున్నప్పుడు మేపకూడదు.

భూమిలేని వాళ్ల సంగతి వేరు. నేపియర్ వేసుకోమని వాళ్లకు చెప్పి ప్రయోజనం లేదు. గ్రామ పంచాయతీ మిగిలిన బంజరులో ఐదెకరాలు పశుగ్రాసానికి కేటాయించి, సంఘాల ద్వారా సాగు చేయించి కిలో లెక్కన అమ్మితే అది వాళ్లకు గేదె కన్నా విలువైన సాయం. బేలర్ యంత్రాలకు సబ్సిడీ ఇచ్చేటప్పుడే ఆ కట్టల్లో కొంత భాగం కరువు మండలాలకు చేరే ఏర్పాటు కలపాలి. కరువొచ్చాక పశుగ్రాస కేంద్రాలు తెరవడం ప్రతిసారీ ఆలస్యమే.

టీకా రోజున దాక్కునే పశువులు

గాలికుంటు పెద్ద పశువును సాధారణంగా చంపదు. అందుకే దాన్ని తేలిగ్గా తీసుకుంటారు. నోట్లో పుండ్లు మానతాయి, గిట్టల పుండ్లు మానతాయి, కానీ ఆ ఈతలో పాలు మళ్లీ మునుపటి మట్టానికి రావు. కొన్ని పశువులు జీవితాంతం ఎండకు రొప్పుతూనే ఉంటాయి. 2019 సెప్టెంబరులో కేంద్రం 13,343 కోట్ల రూపాయలతో గాలికుంటు, బ్రూసెల్లోసిస్ (చూడి పశువులు ఈసుకుపోయే రోగం) నివారణ కార్యక్రమం మొదలుపెట్టి, ఆరు నెలలకోసారి ఉచితంగా గాలికుంటు టీకా వేయిస్తోంది. 4 నుంచి 8 నెలల ఆడదూడలకు బ్రూసెల్లా టీకా జీవితంలో ఒక్కసారి వేస్తే చాలు.

ఉచితంగా ఇంటి ముందుకొచ్చే టీకాను కొందరు ఎందుకు వద్దంటారు? టీకా పడ్డాక ఒకటి రెండు రోజులు పాలు తగ్గుతాయి, కొన్నింటికి జ్వరం వస్తుంది. పది రోజుల బిల్లు మీద బతికే ఇంటికి ఆ రెండు రోజులూ కళ్లెదుట కనిపించే నష్టం. రాబోయే రోగం కనిపించదు. చూడి పశువు ఈసుకుపోతుందన్న భయం కూడా ఉంది. ఈ భయాన్ని కొట్టిపారేయకుండా, పాలు ఎన్నాళ్లు తగ్గుతాయో ముందే చెప్పి, నెలలు నిండిన వాటిని డాక్టరు చూశాక నిర్ణయించే తీరు ఉన్న ఊళ్లలో పశువులను చేలల్లోకి తోలి దాచే అవసరం రాదు. ఊళ్లో పదింట రెండు పశువులు మిగిలిపోయినా వ్యాధి చొరబడే సందు మిగిలినట్టే. పశువుల ప్లేగు మీద అందరూ కలిసి నిలబడినందుకే 2006లో భారతదేశం, 2011లో ప్రపంచం ఆ రోగం నుంచి పూర్తిగా బయటపడ్డాయి. ఆ విజయంలో పల్లెలో టీకాలు వేసిన సిబ్బందికి ఉన్న పాత్ర ఎంత చెప్పినా తక్కువే.

2022లో లంపీ స్కిన్ రాజస్థాన్, గుజరాత్‌లను కుదిపేసి దేశంలో లక్షకు పైగా పశువులను బలి తీసుకుంది. ఒంటినిండా గడ్డలతో పాలు ఎండిపోయే ఈ రోగాన్ని మోసేవి దోమలు, ఈగలు, పిడుదులు. మేకల మశూచి టీకానే దానికీ వాడుతున్నారు. కొట్టంలో సాయంత్రం వేపాకు పొగ, గోడల పగుళ్లలో పిడుదుల మందు, పేడకుప్ప దూరంగా వేయడం వంటి పాత జాగ్రత్తలు ఇప్పుడు మళ్లీ పనికొస్తున్నాయి. సంతలో కొన్న పశువును రెండు మూడు వారాలు వేరే కట్టేయాలన్నది మాత్రం దాదాపు ఎవరూ పాటించరు. పంపిణీ పథకాల్లో దూరప్రాంతాల నుంచి లారీల్లో దించిన పశువులు నేరుగా మందలో కలవడం వల్లే చాలా ఊళ్లకు రోగాలు నడిచొచ్చాయి.

రెండు రాష్ట్రాల్లోనూ 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. మంచి ఏర్పాటు. అయితే పొదుగువాపు వంటి వాటికి బండి వచ్చేదాకా ఆగితే ఒక చన్ను ఎండిపోతుంది. పాలు పిండిన వెంటనే చన్నులను క్రిమిసంహారక ద్రావణంలో ముంచడం, అరగంట పడుకోనివ్వకుండా మేత వేసి నిలబెట్టడం, మొదటి ధారలను నల్లటి గుడ్డ మీద పిండి తరకలు ఉన్నాయేమో చూడటం పెద్దగా ఖర్చు లేని పనులు. పిండగానే చన్ను రంధ్రం కొంతసేపు తెరుచుకునే ఉంటుంది. ఆ కాసేపట్లో పశువు పేడలో పడుకుంటే సూక్ష్మజీవులు నేరుగా పొదుగులోకి పోతాయి. యాంటీబయాటిక్ వేయించాల్సి వస్తే డాక్టరు చెప్పినన్ని రోజులు ఆ పాలు కేంద్రానికి పోయకూడదు. ఆ పాలు చివరికి చేరేది ఎవరో పసిపిల్ల గ్లాసులోకి.

వెన్న శాతం దగ్గర జరిగేది

పాలకేంద్రంలో పొద్దున ఆరింటికి క్యాన్లతో వరుస. సంచాలకుడు చిన్న గ్లాసుతో నమూనా తీసి యంత్రం కింద పెడతాడు, నిమిషంలో వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాని ఘన పదార్థాలు) అంకెలు తెర మీద పడతాయి. రైతు రోజు కూలి ఆ రెండు అంకెల్లో ఉంది. కిలో వెన్నకు 800 రూపాయలు ఇచ్చే చోట 7 శాతం వెన్న ఉన్న గేదెపాలు కిలో 56 రూపాయలు. 6.5 చూపిస్తే 52. రోజుకు ఎనిమిది కిలోలు పోసేవాళ్లకు ఆ అరశాతం నెలకు 960 రూపాయలు. యంత్రం శుభ్రం చేయకపోయినా, నెలల తరబడి సరిచూడకపోయినా, నమూనా తీసే ముందు క్యాను కలపకపోయినా అరశాతం తేడా రావడానికి ఎంతోసేపు పట్టదు.

అంకె తగ్గిన ప్రతిసారీ కేంద్రంలో మోసం జరిగిందని కాదు. పిండటంలో మొదట వచ్చే పాలలో వెన్న చాలా తక్కువ, చివరి ధారల్లో చాలా ఎక్కువ. చివర్లో దూడను వదిలేస్తే వెన్నంతా దూడకే పోతుంది. దూడకు ముందుగా ఒక చన్ను వదిలి, మిగతావి ఆఖరి ధార దాకా పిండితే అదే గేదె అంకె పెరుగుతుంది. పీచు తక్కువై దాణా ఎక్కువైనా వెన్న పడిపోతుంది. మేత చాలక శక్తి తగ్గితే ఎస్‌ఎన్‌ఎఫ్ పడిపోతుంది. దాణా చేతికొచ్చినంత పోసేకన్నా లెక్క చూసి పోయడం మేలు: గేదెకు ఒంటి పోషణకు కిలోన్నర నుంచి రెండు కిలోలు, ఆపైన ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో. కోళ్ల దాణాకూ, ఇప్పుడు ఇథనాల్‌కూ మొక్కజొన్న పోటీ పెరగడంతో దాణా బస్తా ధర దిగే సూచన లేదు. కాబట్టి లెక్క లేకుండా పోసే దాణాయే ముందుగా తగ్గించుకోవాల్సిన ఖర్చు.

కొలత విషయంలో రైతు ఒంటరిగా అడిగితే 'నీ పాలు పల్చన' అన్న జవాబు వస్తుంది. అడగాల్సింది పదిమంది కలిసి. ప్రతి పూటా అంకెలున్న చీటీ, నెలకోసారి అందరి ముందు యంత్రం తనిఖీ, ఒకే నమూనాను రెండు చోట్ల పరీక్షించే అవకాశం ఉండాలి. ఇవి ఇచ్చే డెయిరీకి రైతు తనంతట తానే అతుక్కుంటాడు. ఉమ్మడి కరీంనగర్ జిల్లా ముల్కనూరులో 2002 ఆగస్టులో మొదలైన మహిళల స్వకృషి డెయిరీ ఈ విషయంలో గట్టి ఉదాహరణ. సభ్యులందరూ పాలుపోసే ఆడవాళ్లే. లాభం బోనస్ రూపంలో వాళ్లకే చేరుతుంది. పేడ తీసి, గడ్డి కోసి, పాలు పిండే మనిషే డెయిరీకి యజమాని కూడా అయినప్పుడు కొలత గురించి అడిగే హక్కు ఆమెకు వేరే ఎవరూ ఇవ్వనక్కర్లేదు. చాలా ఊళ్లలో పని ఆమెది, పాస్‌బుక్ ఆయనది. డెయిరీలు సభ్యత్వాన్ని ఆమె పేరు మీదికి మార్చడానికి కొత్త చట్టమేమీ అవసరం లేదు.

మంద వెంట నడిచేవాళ్లు

గొల్ల, కురుమ కుటుంబాల కష్టం పాడి రైతు కష్టానికి భిన్నమైనది. వేసవిలో మేత, నీళ్లు వెతుక్కుంటూ పాలమూరు, అనంతపురం వైపు నుంచి నెలల తరబడి వలస నడుస్తారు. పశువైద్యశాల ఊళ్లో ఉంటుంది, మంద ఊళ్లో ఉండదు. వానాకాలం ముందు పడాల్సిన చిటుక రోగం టీకా, మూడేళ్లకోసారి పడాల్సిన పీపీఆర్ (పారుడు రోగం) టీకా మంద దారిలో ఉండగానే గడువు దాటిపోతాయి. భారీ వానల తర్వాత చిన్న దోమటీగల వల్ల నీలినాలుక వచ్చి మూతులు వాచి మందలు కుప్పకూలుతాయి. మంద బయల్దేరే ఊళ్లోనే టీకాలన్నీ పూర్తిచేసి ఒక కార్డు ఇచ్చి, దారిలో ఏ వైద్యశాలలోనైనా ఆ కార్డు చెల్లేలా చేస్తే మరణాలు చాలా తగ్గుతాయి. చెరువు అంచుల్లో, మురుగు కుంటల్లో మేసిన మందకు కాలేయంలో చేరే జలగల మందు తాగించడం తప్పనిసరి.

అమ్మకంలో జరిగే నష్టం రోగం నష్టానికి తక్కువేం కాదు. పొట్టేలు పిల్లను బేరగాడు నడుం మీద చెయ్యి వేసి నొక్కి చూసి ధర చెబుతాడు. అతనికి రోజూ వందల పిల్లలు చూసిన అనుభవం, కాపరికి ఇంట్లో పెళ్లి ఖర్చో ఆస్పత్రి ఖర్చో అవసరం. ఆ బేరంలో ఎవరు ఓడతారో తెలిసిందే. ఊరికో వేలాడే కాటా, సంఘం ఆఫీసు ముందు, సజీవ బరువు కిలో ఇంత అని పలక మీద రాసి ఉంటే చాలు, కనీసం ఎంత తక్కువకు ఇస్తున్నాడో కాపరికి తెలుస్తుంది. పొలాల్లో మంద ఆపినందుకు వచ్చే ఎరువు డబ్బు కూడా రసాయన ఎరువుల కాలంలో తగ్గింది. ప్రకృతి సాగు చేస్తున్న రైతులకూ మందలకూ ముందుగానే ఒప్పందాలు కుదిర్చితే ఇద్దరికీ మేలు.

అప్పు, చెవిపోగు

కిసాన్ క్రెడిట్ కార్డు పశుపోషకులకు కూడా వర్తిస్తుందన్న సంగతి 2019 నుంచీ ఉన్నా ఇప్పటికీ చాలామందికి తెలియదు. రెండు లక్షల దాకా 7 శాతం వడ్డీ. గడువులో కడితే 3 శాతం తిరిగొచ్చి 4 శాతమే పడుతుంది. దీన్ని ఇంకో గేదె కొనడానికి కాక, డిసెంబరు జనవరిలో గడ్డి చవగ్గా ఉన్నప్పుడు వేసవికి సరిపడా కొని వాము వేసుకోవడానికి వాడితే దాని విలువ తెలుస్తుంది. పాలబేరగాడి దగ్గర అడ్వాన్సు తీసుకుని అతను చెప్పిన ధరకే ఏడాదంతా పాలు పోయాల్సిన కట్టుబాటు నుంచి బయటపడే దారి కూడా ఇదే.

పశువుల బీమాలో 2024 నుంచి రైతు కట్టాల్సిన వాటా ప్రీమియంలో 15 శాతానికి తగ్గింది. గొర్రెలు, మేకలు వంద దాకా చేయించుకోవచ్చు. క్లెయిములు ఎక్కువగా వీగిపోయేది పశువు గుర్తింపు నంబరు ఉండే చెవిపోగు దగ్గర. కంచెకు తగిలి పోగు ఊడిపోతుంది, రైతు పట్టించుకోడు, పశువు చనిపోయాక గుర్తింపు లేదంటారు. పోగు ఊడిన రోజే వైద్యశాలకు చెప్పి కొత్తది వేయించి, ఆ నంబరు బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపాలి. పశువు ఎడమ, కుడి పక్కల నుంచీ, పోగు నంబరు కనిపించేలా చెవి దగ్గర నుంచీ ఫోన్‌లో ఫొటోలు తీసి ఉంచుకోవాలి. చనిపోతే పూడ్చే ముందే కంపెనీకి ఫోన్ చేయాలి, పోస్టుమార్టం చేయించాలి, పోగు ఉన్న చెవిని జాగ్రత్త చేయాలి. పాలసీ తీసుకున్న మొదటి పదిహేను రోజుల్లో రోగంతో చనిపోతే సాధారణంగా బీమా వర్తించదు. సంత నుంచి పశువును ఇంటికి తోలిన రోజే బీమా పని మొదలుపెట్టాల్సింది అందుకే.